వెళ్ళిపోయే జట్లు, మిగిలిపోయే స్టేడియాలు

వృత్తి క్రీడా జట్టు, అంటే ఆటగాళ్ళకు జీతాలిచ్చి, టిక్కెట్లూ ప్రకటనలూ ప్రసార హక్కులూ అమ్ముకొని లాభనష్టాల లెక్కతో నడిచే జట్టు, ఏ ఊరి పేరు పెట్టుకున్నా ఆ ఊరిది కాదు. అది యజమాని ఆస్తి, గిట్టుబాటు కానినాడు మరో ఊరి పేరు తగిలించుకొని మరో ఊళ్ళో ఆడుతుంది. ఆ జట్టు కోసం కట్టిన స్టేడియం మాత్రం ఎక్కడికీ పోలేదు, దానికిచ్చిన భూమీ చేసిన అప్పూ కూడా అక్కడే ఉంటాయి. స్టేడియాలకు ప్రజాధనం వెచ్చించడం గురించి తెలుగు రాష్ట్రాలలో జరిగే చర్చ అభిమానం దగ్గర మొదలై ప్రాంతీయ గౌరవం దగ్గర ముగుస్తుంది గాని, జట్టుకూ స్టేడియానికీ మధ్య ఉన్న ఒప్పందంలో ఏమి రాసుకున్నారన్న ప్రశ్న దాకా రాదు. అమరావతిలో లక్షమందికి పైగా పట్టే క్రికెట్ స్టేడియం కడతామన్న ప్రతిపాదన వినిపిస్తున్న ఈ రోజుల్లో, ఆ రాజధానికి కృష్ణ ఇవతలి గట్టున, హైదరాబాదు రహదారిని ఆనుకొని ఉన్న నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాలవారు ఆ ప్రశ్న అడగడానికి తగిన కారణాలున్నాయి.

జట్టు తరలిపోవడం అమెరికా ముచ్చట మాత్రమే అనుకొనేవారు హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్ర చూస్తే చాలు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతుండిన పుణె సిటీ జట్టు 2019లో మూతపడగా, దాని స్థానంలో కొత్త యజమానులు హైదరాబాదు పేరుతో జట్టును నిలబెట్టారు, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం దానికి సొంత మైదానమైంది. తొలి సీజన్ తరువాత కరోనా కారణంగా రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ టైటిల్ గెలిచింది గాని, ఆ విజేత సీజన్‌లో సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ తరువాత జీతాల బకాయిలు పేరుకుపోయాయి, యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పుట్టిన ఊరు హైదరాబాదు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిన రహీమ్ సాహెబ్ శిక్షణ ఇచ్చిన ఊరు అది. ఆ చరిత్రలో ఏదీ బదిలీ పత్రం మీద ఒక షరతుగానైనా చోటు చేసుకోలేదు.

క్రికెట్‌లో కథ మరికొంత చిక్కుగా ఉంటుంది. దక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది దక్షిణాఫ్రికాలో. మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం కారణంగా ఆ జట్టు సొంత మ్యాచ్‌లు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయాయి. 2012 సెప్టెంబరులో భారత క్రికెట్ బోర్డు ఆ ఫ్రాంచైజీని, అంటే ఒక నగరం పేరుతో జట్టు నడుపుకొనే హక్కును, రద్దు చేయగా సన్ టీవీ సంస్థ ఏటా 85.05 కోట్లు చెల్లించే షరతుమీద హైదరాబాదు హక్కు కొనుక్కొని సన్‌రైజర్స్ జట్టును నిలబెట్టింది. 2016లో కరవు కారణంగా బొంబాయి హైకోర్టు మ్యాచ్‌లను మహారాష్ట్ర దాటించమన్నప్పుడు ముంబై, పుణె జట్లు విశాఖను సొంత మైదానంగా ఎంచుకున్నాయి. ఢిల్లీ క్యాపిటల్స్ 2024, 2025 సీజన్లలో కొన్ని సొంత మ్యాచ్‌లు విశాఖలో ఆడింది. వీటిలో 2025 మార్చి 30 నాటి మ్యాచ్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి: ఆ రోజు తెలుగు నగరమైన విశాఖలో ఆతిథ్య జట్టు ఢిల్లీ, అతిథిగా వచ్చిన జట్టు హైదరాబాదు. సరిగ్గా ఆ రోజులలోనే సన్‌రైజర్స్ యాజమాన్యం, ఉచిత పాసుల కోసం హైదరాబాద్ క్రికెట్ సంఘం తమను వేధిస్తున్నదని ఆరోపించి, ఇదే తీరు కొనసాగితే హైదరాబాదులోని ఉప్పల్ స్టేడియం వదిలి వెళ్తామని లేఖ రాసింది. గొడవ రాజీ అయింది గాని, ఆ బెదిరింపు చెల్లుబాటైందంటే కారణం ఒక్కటే, దూరాన మరొక స్టేడియం ఖాళీగా ఉంది.

ఈ బేరసారాలకు మూలమైన సూత్రాన్ని అర్థశాస్త్రజ్ఞులు అమెరికా అనుభవం నుంచి తేల్చారు. అక్కడి లీగులు మూసిన లీగులు. అంటే యూరప్ ఫుట్‌బాల్‌లో లాగా కింది అంచె జట్టు గెలిచి పైకి రావడం గాని, ఓడిన జట్టు కిందికి దిగడం గాని ఉండదు, జట్ల సంఖ్యను లీగే నిర్ణయిస్తుంది. జట్లు తక్కువ, వాటిని కోరుకొనే నగరాలు ఎక్కువ కావడం వల్ల కొత్త స్టేడియం కట్టివ్వకపోతే వెళ్ళిపోతామన్న మాటకు విలువ వస్తుంది. బాల్టిమోర్ కోల్ట్స్ 1984 మార్చిలో రాత్రికి రాత్రే సామాను లారీలకెక్కించి ఇండియానాపోలిస్‌కు పోయింది. సెయింట్ లూయిస్ ఉదంతం ఇంతకంటే బోధపరిచేది. 1995లో ప్రజాధనంతో కట్టిన గోపురం స్టేడియం చూపించి ఆ నగరం లాస్ ఏంజెలిస్ నుంచి రామ్స్ జట్టును రప్పించుకుంది. అయితే లీజులో, ఆ స్టేడియం దేశంలోని అన్ని ఫుట్‌బాల్ స్టేడియాలలో మేలైన మొదటి నాలుగో వంతులో ఉండాలనీ, లేకుంటే జట్టు కట్టుబడి ఉండనక్కరలేదనీ ఒక షరతు పెట్టించుకున్నారు. పక్క నగరాలు కొత్తవి కట్టిన కొద్దీ పాతది తనంత తానే వెనకబడుతుంది గదా. 2016లో జట్టు తిరిగి లాస్ ఏంజెలిస్ చేరింది, స్టేడియం బాండ్ల వాయిదాలు మాత్రం సెయింట్ లూయిస్ పౌరులు కట్టారు. న్యాయస్థానం దాకా వెళ్ళి 2021లో 79 కోట్ల డాలర్ల పరిహారం రాబట్టుకున్నారు గాని, అది అందరికీ దక్కే అదృష్టం కాదు.

బాండు అంటే ప్రభుత్వ సంస్థ ప్రజల నుంచి, మదుపరుల నుంచి వడ్డీకి తీసుకొనే అప్పు పత్రం. అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 2018 ఆగస్టులో 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు ఇలాగే సమీకరించింది కనుక ఈ మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుందన్న వాదన అప్పుకు సమర్థనగా వస్తుంది. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ సంపాదకత్వంలో 1997లో వెలువడిన పరిశోధనా సంకలనం మొదలుకొని ఈ వాదనను పరీక్షించిన ఆర్థికవేత్తలలో అత్యధికులు దానిని తోసిపుచ్చారు. నందిగామ కుటుంబం మ్యాచ్ టిక్కెట్టుకు పెట్టే డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. సినిమాకో, హోటలుకో, తిరునాళ్ళకో పెట్టవలసిన డబ్బే అటు మళ్ళుతుంది. దీనిని ప్రత్యామ్నాయ ప్రభావం అంటారు. ఐపీఎల్‌లోనైతే అసలు సొమ్ము స్టేడియం గేటు దగ్గర కాక టీవీ, ఫోను తెరల దగ్గర పుడుతుంది: 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. జగ్గయ్యపేటలో ఫోనులో మ్యాచ్ చూసేవాడు విశాఖ స్టేడియంలో కూర్చున్నవాడితో సమానంగా జట్టు ఆదాయానికి కారకుడవుతున్నప్పుడు, జట్టు రావాలంటే ముందుగా లక్ష సీట్లు సిద్ధం కావాలన్న మాటలో తర్కం పలుచగానే ఉంది.

తెలుగువారి అనుభవంలో అమెరికాకు లేని మలుపు ఒకటుంది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలకూ, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ ఉమ్మడి రాష్ట్రం హైదరాబాదులో గచ్చిబౌలి, యూసుఫ్‌గూడ, సరూర్‌నగర్ తదితర చోట్ల ప్రాంగణాలు నిర్మించింది. ఆ ఖజానాలో మెట్ట రైతు కట్టిన పన్నులూ ఉన్నాయి, జగ్గయ్యపేట వ్యాపారి కట్టిన అమ్మకం పన్నూ ఉంది. 2014 పునర్విభజన చట్టం స్థిరాస్తి ఏ రాష్ట్రపు నేల మీద ఉంటే ఆ రాష్ట్రానిదే అన్న సూత్రాన్ని పాటించడంతో అవన్నీ తెలంగాణవయ్యాయి. వేరేచోట జట్టు స్టేడియాన్ని వదిలిపోతుంది, ఇక్కడ రాష్ట్రమే వదిలిపోయింది. చట్టం తప్పని దీని అర్థం కాదు, భవనాన్ని రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాటించడం ఎవరివల్లా కాదు. ఒకే నగరంలో అంతా కుమ్మరించడం వల్ల వచ్చే నష్టభయం ఎలాంటిదో ఒకసారి చవిచూసిన ప్రజలు రెండోసారి లెక్క అడగడం న్యాయమే అని మాత్రం అర్థం.

కృష్ణ తీరంలో ఇప్పటికే ఉన్నవాటి పరిస్థితి కూడా ఈ లెక్కలోకి రావాలి. విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ జట్ల మధ్య ఒక పురుషుల వన్డేకు ఆతిథ్యమిచ్చింది, మళ్ళీ మరొకటి ఎరగదు. జెండా పండుగలకూ ప్రభుత్వ సభలకూ దాని పేరు ఎక్కువ వినబడుతుంది. మంగళగిరి దగ్గర నవులూరులో ఆంధ్ర క్రికెట్ సంఘం తలపెట్టిన స్టేడియం ఏళ్ళ తరబడి అసంపూర్తిగా నిలిచింది. విజయవాడ నుంచి నందిగామకు వచ్చే దారిలో ఉన్న మూలపాడు మైదానం మాత్రం పెద్ద గ్యాలరీలేవీ లేకుండానే 2016 నవంబరులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్ల మధ్య మూడు వన్డేలు, మూడు టీ20లు నిర్వహించింది. ఆరు అంతర్జాతీయ మ్యాచ్‌లకు సరిపోయిన ఆ పద్ధతిని పోనిచ్చి, లక్ష సీట్ల ఊసు ఎత్తుకోవడం వెనుక ఆట అవసరం కంటే రాజధాని అలంకారం మీద మోజే కనిపిస్తుంది. ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో 2025లో అమరావతి, విజయవాడ పేర్లతో దిగిన జట్లు కూడా ఆడింది విశాఖలోనే.

మెట్టకు దీనివల్ల దక్కేదేమిటని చూస్తే, జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలకు కాస్త గిరాకీ తప్ప మరేదీ వెంటనే తట్టదు. పత్తి, మిరప పండే ఈ నేలలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు సంక్రాంతికో తిరునాళ్ళకో దాతల చందాలతో జరుగుతాయి, హైస్కూలు ఆవరణే మైదానమవుతుంది. అవకాశ వ్యయం అని అర్థశాస్త్రం చెప్పేది ఇక్కడ వర్తిస్తుంది: ఒక పనికి పెట్టిన రూపాయి వల్ల చేయలేకపోయిన మరో పని విలువే ఆ రూపాయికి అసలు ఖరీదు. రాజధానిలో ఒక్క స్టాండుకయ్యే ఖర్చులో చందర్లపాడు, వీరులపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాలకు చదునైన మైదానం, దీపాలు, మరుగుదొడ్లు, జీతంమీద ఒక శిక్షకుడు సమకూరతాయా అన్నది ఎవరైనా అంచనా వేయగల విషయమే, వేసి ప్రకటించిన వారు లేరు.

అయినా స్టేడియం కట్టి తీరాలనుకుంటే, షరతులు ముందుగా రాసుకోవాలి. విజయవాడ లోక్‌సభ సభ్యుడు కేశినేని శివనాథ్ 2024 నుంచి ఆంధ్ర క్రికెట్ సంఘానికి అధ్యక్షులు కూడా. నందిగామ, జగ్గయ్యపేట శాసనసభ నియోజకవర్గాలు ఆయన లోక్‌సభ స్థానంలోనివే కనుక, భూమి కోరే సంస్థకూ ఆ భూమిపై హక్కున్న ప్రజలకూ ఆయన ఒకరే ప్రతినిధి. ఇది తప్పు పట్టవలసిన విషయం కాకపోయినా, ఒప్పందం ముసాయిదాను శంకుస్థాపనకు ముందే బయటపెట్టవలసిన బాధ్యతను రెట్టింపు చేసే విషయం. భూమి అమ్మకమా, లీజా, లీజైతే ఎన్నేళ్ళు, ఏటా ఎంత. ఏ జట్టునైనా సొంత జట్టుగా చెప్పుకుంటే అది ఎన్ని సీజన్లు ఆడతానని సంతకం పెట్టింది, మధ్యలో పోతే ఎంత కట్టి పోతుంది. ఉప్పల్‌లో 2024 ఏప్రిల్‌లో కోటిన్నరకు పైబడిన బకాయికి మ్యాచ్ ముందురోజు కరెంటు తీసేసిన పరిస్థితి మళ్ళీ రాకుండా బిల్లులు ఎవరి పేరిట ఉంటాయి. పోలీసు బందోబస్తు ఖర్చు ఎవరు భరిస్తారు. మ్యాచ్‌లు లేని మూడు వందల పైచిలుకు రోజులలో మండలాల పిల్లలు ఎన్ని రోజులు అక్కడ ఆడుకోవచ్చు, ప్రయాణఖర్చు ఎవరిది. ఈ జవాబులన్నీ నాలుగు పుటల తెలుగులో అచ్చువేసి, రెండు పట్టణాల పాలకమండళ్ళ సమావేశాలలో చర్చకు పెట్టాకే భూమి కేటాయింపు ఉత్తర్వు వెలువడాలి.