పేరు ఒకరిది, రక్తం ఒకరిది

విశాఖ రేవులో ఓడ ఎక్కిన నావికుడు నెలల తరబడి ఇంటి ముఖం చూడడు. ఆ మధ్యలో భార్య గర్భవతి అయి, తండ్రి ఎవరన్న వివాదం కోర్టుకెక్కితే, డీఎన్ఏ కంటే ముందు అతని నావిక సర్వీసు పుస్తకం (సీడీసీ)లోని ఓడ ఎక్కిన, దిగిన తేదీలే సాక్ష్యం చెబుతాయి. ఉక్కు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుకెళ్లే భర్తకు ఆ దారి లేదు. పగలంతా ఇంట్లోనే ఉన్నావు కదా అంటుంది చట్టం.

పూర్వం ఇంగ్లండులో భర్త ఆ దేశపు నాలుగు సముద్రాలకు ఇవతల ఉంటే చాలు, భార్యకు పుట్టిన బిడ్డ అతని బిడ్డే. ఆ పట్టు కాస్త సడలాక, 1872 సాక్ష్య చట్టంలోని 112వ సెక్షన్‌గా మనకొచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో అది 116వ సెక్షన్. వివాహం నిలిచి ఉండగా పుట్టినా, విడాకులైన 280 రోజుల్లోపు, తల్లి మళ్లీ పెళ్లాడకముందు పుట్టినా బిడ్డకు తండ్రి ఆ భర్తే. దంపతులు కలిసే అవకాశమే లేదని రుజువైతేనే మినహాయింపు. 2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులోనూ సుప్రీంకోర్టు ఈ మాటకే కట్టుబడింది.

ఈ నియమం బిడ్డను కాపాడటానికి పుట్టింది. మరి కన్నవాడి సంగతేమిటి? బిడ్డే అడిగితే కొంత దారి ఉంది. ఎన్.డి. తివారీ ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాద్ రాజ్‌భవన్‌లో ఉన్న రోజుల్లో, 2008లో, ఆయనే తన తండ్రని రోహిత్ శేఖర్ దావా వేశారు. రోహిత్ పుట్టేనాటికి తల్లి మరొకరి భార్య. అయినా ఢిల్లీ హైకోర్టు పరీక్షకు ఆదేశించింది. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షా కేంద్రం సీడీఎఫ్‌డీ ఇచ్చిన నివేదిక 2012లో ఆ మాట నిజమని తేల్చింది.

కన్నతండ్రే వచ్చి అడిగితే పరిస్థితి వేరు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ సంరక్షణ కోసం బంధువులనూ స్నేహితులనూ అర్జీ పెట్టుకోనిస్తుంది. అతను ఆ వరుసలో నిలబడాలి తప్ప, తండ్రిగా కాదు. ఇది మన దేశపు వింతేమీ కాదు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు, రక్తపరీక్ష 98 శాతానికి పైగా సరిపోయిన మనిషిని కూడా కాదని, తల్లి భర్తనే తండ్రిగా నిలబెట్టింది.

దారి చూపింది జర్మనీ. అక్కడ కవలల కన్నతండ్రికి వాళ్లను చూసే అవకాశం నిరాకరిస్తే, అది తప్పని 2010లో యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది. 2013లో జర్మనీ చట్టం మార్చుకుంది. చట్టప్రకారం తండ్రి మరొకరైనా, బిడ్డ మీద నిజమైన శ్రద్ధ చూపిన కన్నతండ్రి, బిడ్డకు మేలు జరిగే పక్షంలో, వచ్చి చూసి వెళ్లవచ్చు. బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవచ్చు. ఇంటిపేరు, ఆస్తి, పెంచే అధికారం మాత్రం పెంచుతున్నవారివే. 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇంకో అడుగు వేసి, చట్టపరమైన పితృత్వాన్ని సవాలు చేసే వీలు కన్నతండ్రికి మరింత ఉండాలంది.

ఆ రెండో అడుగు మనకు ఇప్పుడే వద్దు. పితృత్వం కూలితే మచ్చ పడేది బిడ్డ మీద. తల్లి బతుకు వీధిన పడుతుంది. అడిగినవాడికల్లా డీఎన్ఏ పరీక్ష ఇచ్చినా అంతే. మొదటి అడుగు మాత్రం నేర్చుకోదగ్గది: తండ్రి అనే హోదా వేరు, బిడ్డను చూసే అవకాశం వేరు. మన చట్టం ఈ రెంటినీ ముడివేసింది కాబట్టే కన్నవాడికి అంతా దక్కాలి, లేదా ఏమీ దక్కకూడదు. 1890 నాటి చట్టంలో ఒక్క సెక్షన్ చేరిస్తే, విశాఖ ఫ్యామిలీ కోర్టు కూడా బిడ్డ పుట్టుకను ప్రశ్నించకుండానే, బిడ్డ క్షేమం చూసి, నెలకోసారి భేటీకి అనుమతించగలదు. పార్లమెంటు ఆ పని చేయాలి.