ఇల్జామ్ తర్వాత, తహ్‌ఖీఖ్ ముందు

పాత కారు స్టార్ట్ కాకపోతే మనం మొదట తిట్టేది కార్బరేటర్‌ని. ఆ తర్వాత అమ్మినవాణ్ని. రెండూ తొందరపాటే అంటాను నేను.

డాలస్‌లో ఉండే మా ఖాలా కొడుకు ఎంతో షౌఖ్‌తో 1970 షెవర్లే షెవెల్ కొన్నాడు. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. అందుకుందా, రోజంతా మజాగా నడుస్తుంది. మర్నాడు మళ్లీ అదే కథ. "ఆ ముసలాయన దగా చేశాడు భాయ్! కార్బరేటర్ పారేసి కొత్తది వేయిస్తా, ఆయన్ని ఫోన్లో కడిగేస్తా" అన్నాడు. నేను అడిగింది ఒకటే: "ఖాలూని అడిగావా?"

అడగలేదు. ముప్ఫై ఏళ్లు వరంగల్‌లో అంబాసిడర్లు విప్పిన ఉస్తాద్ ఇంట్లోనే ఉన్నాడు. కానీ "మా అబ్బా మెకానిక్" అని దోస్తుల ముందు చెప్పుకోడానికి వీడికి షర్మ్.

ఆ రాత్రి వీడియో కాల్ కలిపాను. "నాలుగు గొట్టాలది నేనెన్నడూ విప్పలేదు బేటా. అయినా ఫ్లోట్ ఎక్కడైనా ఫ్లోటే. ముందు దాని పేరేంటో తెలుసుకో" అన్నారు ఖాలూ.

ముందు రెండు గొట్టాలు చిన్నవి, వెనక రెండూ బాగా పెద్దవి. అంటే రోచెస్టర్ క్వాడ్రాజెట్. డ్రైవర్ వైపు నిలువుగా కొట్టిన నంబర్ 7040తో మొదలైంది, అంటే 1970దే. హోలీ అయితే గాలి పోయే మూతి దగ్గర లిస్ట్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ చదవకుండా రిపేర్ కిట్ కొనడం పైసలు పారబోసుకోవడమే.

తర్వాత ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ చూపించుకున్నారు. కార్బరేటర్ మీద పడే ఇల్జామ్‌లు చాలావరకు కరెంటు వైపువే అని ఖాలూ మాట. అవి బాగానే ఉన్నాయి. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే, ఇంజన్ ఆపి ఉండగా, థ్రాటిల్ కదిపి లోపలికి చూడమన్నారు. రెండు సన్నని పెట్రోల్ ధారలు చిమ్మాలి. చుక్క లేదు. సాయంత్రం బండి నడిపి ఆపాక చూస్తే చిమ్మింది. అంటే పంపు బాగుంది, రాత్రికి రాత్రి గిన్నె ఖాళీ అవుతోంది.

కార్బరేటర్ దింపి, మంటకు దూరంగా, గాలి ఆడేచోట, పెట్రోల్ పోసి కాగితం మీద పెట్టాడు. తెల్లారేసరికి కాగితం తడిసి ఉంది. అడుగున బిగించిన చిన్న ప్లగ్గులు కారుతున్నాయి. క్వాడ్రాజెట్‌కి ఇది పాత మర్జ్. పెట్రోల్‌కి తట్టుకునే ఎపాక్సీతో మూసి, కొత్త గాస్కెట్లు వేస్తే సరిపోయింది. అదే నల్లపొగ వస్తే కథ వేరు: దీని ఫ్లోట్ ఏళ్లు గడిచాక పెట్రోల్ పీల్చి బరువెక్కుతుంది, గిన్నె పొంగుతుంది.

ఇక ఆ ముసలాయన సంగతి. "పొద్దున కాస్త సబర్ కావాలి దీనికి" అని అమ్మినరోజే చెప్పాడట. వీడే చెవిన పెట్టలేదు. ఫోన్ చేసి కడిగేసుంటే ఆ పాపం ఎవరిది?

విన్న ఖబర్‌ని తహ్‌ఖీఖ్ చేసుకోమనీ, బద్‌గుమానీకి దూరంగా ఉండమనీ సూరా హుజురాత్ మనకు నేర్పింది. జుమాలో విని తలూపుతాం, గ్యారేజీలో మరిచిపోతాం. ఇంకో మాట కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మన ఇళ్లలో హునర్ ఉన్న చేతులు చాలా ఉన్నాయి. పిల్లల్ని ఇంజనీర్లని చేశాక ఆ చేతుల్ని దాచేస్తున్నాం. ఆ చేతుల కమాయీయే కదా వాళ్ల ఫీజులు కట్టింది!

ఇప్పుడు ఆ షెవెల్ పొద్దున్నే అందుకుంటోంది. మావాడు దోస్తులకు చెప్పాడట: "మా అబ్బా మెకానిక్. ఆయనే బాగు చేయించారు." ఖాలూకి ఆ మాట నేనే చేరవేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చోక్ సరిగ్గా పడుతోందా అడుగు" అన్నారు.