ముగింపు లేని ఆట

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో కన్నడ చదివి పెద్దవాడైన పావగడ యువకుడు పెద్దలకు మాత్రమే అన్న విజువల్ నావెల్, అంటే బొమ్మలతో కథ నడిచే కంప్యూటర్ ఆట, ఆడాలంటే ముందు ఇంగ్లీషు గట్టెక్కాలి. 2020లో ఆటలమ్మే స్టీమ్ సైట్‌లో మొదటి సీజన్ వచ్చిన ‘బీయింగ్ ఎ డిక్’నే తీసుకోండి. ఆ గట్టు దాటాక, పిలిచేది శృంగారమే అయినా కూర్చోబెట్టేది కథ. డబ్బులేని ఇంటి నుంచి కాలేజీకొచ్చిన కుర్రాడు నాయకుడు. పరీక్ష వస్తే లెక్కలు మనమే చెయ్యాలి. మనమిచ్చే జవాబులు అతణ్ణి మొరటోడి వైపో మంచోడి వైపో నెడతాయి, దాన్నిబట్టి కొన్ని దారులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి. చిక్కూ అక్కడే వచ్చిపడింది. దారి చీలిన ప్రతిచోటా కొత్త దృశ్యాలు గీయాలి, కొత్త మాటలు రాయాలి. దాంతో తర్వాతి భాగం జరిగి జరిగి వస్తుంది. ఈలోపు చందాలు వసూలుచేసే పేట్రియాన్ సైట్‌లో అభిమానుల చందా నెలనెలా పడుతూనే ఉంటుంది. ముగించినవాడికి ఆదాయం ఆగి, సాగదీసినవాడికి వస్తూ ఉంటే, వారపత్రిక సీరియల్‌లా ఏ కథైనా సాగుతుంది. రచయిత దురాశాపరుడని నేననను, పద్ధతే అలాంటిది. కాబట్టి మెచ్చుకోండి, కానీ పూర్తయిన సీజన్‌కే డబ్బు కట్టండి. రాబోయే భాగం మీద ముందే చందా కట్టడం అభిమానం కాదు, అప్పివ్వడం.