చలి ఉదయాన మొరాయించే పాత బండి

పోయిన శీతకాలంలో ఒకనాడు, ఫజర్ నమాజు ముగించుకొని అమ్మను ఖమ్మం ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ముదిగొండలో మా ఇంటి ముందున్న పాత డీజిల్ జీపు ఎక్కాము. తాళంచెవి తిప్పితే ఇంజను రెండుమార్లు బద్ధకంగా మూలిగి ఊరుకుంది. తొందరలో విడవకుండా పదిమార్లు తిప్పేసరికి బ్యాటరీలో మిగిలిన కాస్త సత్తువ కూడా హరించుకుపోయింది. పొరుగువారి ఆటో దొరకబట్టి సరిపోయింది గాని, శాలువా కప్పుకొని అరుగు మీద ఎదురుచూసిన అమ్మ ముఖాన్ని మేము ఇంకా మరువలేదు.

ఆనాడు చలిని నిందించాము. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి చూడగా బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లని చిలుము పేరుకొని ఉంది. నాలుగు హీటర్ ప్లగ్గులలో రెండు కాలిపోయి ఉన్నాయి. లద్దాఖ్ వంటి చోట చలికి డీజిలే గడ్డకడుతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో, మైనస్ 33 డిగ్రీల చలిలోనూ పారగల డీజిల్‌ను అక్కడ ప్రవేశపెట్టింది. మన ఖమ్మం చలికి అంత బలం లేదు. అది ఇంజను ఆయిలును కాస్త చిక్కబరుస్తుంది, బ్యాటరీ శక్తిని కొంత తగ్గిస్తుంది. ఆ మాత్రానికే బండి మొరాయించిందంటే, లోపం అంతకుముందు నుంచే దాగి ఉన్నదన్నమాట.

కనుక ముందు చెవి ఒగ్గి వినాలి. 'టక్'మని ఆగినా, ఇంజను నీరసంగా తిరిగినా బ్యాటరీని అనుమానించాలి. రాత్రంతా నిలిపిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపుతుంది, 12.2 చూపితే సగం ఖాళీ అయినట్లే. టెర్మినళ్లు విప్పేటప్పుడు మైనస్ తీగను ముందు తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. వంటసోడా కలిపిన నీటితో చిలుము కడిగి, ఆరనిచ్చి, వాజిలీను పూయాలి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు.

ఇంజను జోరుగా తిరుగుతున్నా అంటుకోకపోతే, డీజిల్ బండిలో పొగను చూడాలి. తెల్లని పొగ వస్తే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. హీటర్ ప్లగ్గులను పరీక్షించాలి. హీటరు దీపం ఆరేవరకు ఆగి స్టార్టు చేయాలి. పొగే రాకుంటే డీజిల్ చేరడం లేదు; ఫిల్టరులో నీరు నిలిచిందో, గొట్టంలో గాలి చేరిందో చూడాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన రాకముందు కొన్న మోటారు సైకిళ్లలో అధికభాగం కార్బురేటరువే. వాటికి చోక్ లాగి, యాక్సిలరేటరు తిప్పకుండా కిక్ కొట్టాలి. ఇంజను కుదుటపడగానే చోక్ మూసివేయాలి. లేకుంటే ప్లగ్గు మసిబారుతుంది.

ఏ బండికైనా స్టార్టరును ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పరాదు. మధ్యలో అర నిమిషమైనా విరామమివ్వాలి.

రెండు ప్రమాదాలను మాత్రం ఇంటిల్లిపాదీ ఎరిగి ఉండాలి. గాలి గొట్టం వద్ద గుడ్డ వెలిగించి పట్టడం, ఇంజను కింద మంట పెట్టడం కొన్నిచోట్ల అలవాటు. అది బండిని, మనిషిని కూడా కాల్చగలదు. చలికి జడిసి షెడ్డు తలుపులు మూసి ఇంజను నడపడం ఇంకా ఘోరం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని తెలియకుండానే స్పృహ తప్పించి ప్రాణం తీయగలదు. బండిని ఆరుబయటికి తోసుకువచ్చిన తరువాతనే స్టార్టు చేయాలి.

ఇప్పుడు మేము చలి మొదలు కాకముందే ఒక పూట బ్యాటరీకి, హీటర్లకు, ఫిల్టరుకు కేటాయిస్తున్నాము. ఆసుపత్రికి బయలుదేరవలసిన తెల్లవారుజామున బండికి వైద్యం మొదలుపెడితే, ఇంట్లోని రోగి అరుగు మీదనే ఉండిపోవలసి వస్తుంది.