ఆ నోటుబుక్కు ఎవరు చదువుతారు?

యూజీసీ ఛైర్మన్ గారికి,

చర్ల మండలంలో తెలుగు చెప్పే మాస్టారిని. నా దగ్గర పది చదివి, ఇప్పుడు ఇంటర్ అయిన కోయపిల్ల ఒక నోటుబుక్కు తెచ్చిచ్చింది. అమ్మమ్మ చెప్పిన కోయ కథలు, తెలుగు లిపిలో. మొదటి పేజీ మీద తునికాకు పసరు మరక. వేసవిలో ఇంటిల్లిపాదీ తెల్లారకముందే అడవికి పోయి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేరుస్తారు. సీయూఈటీ ప్రవేశ పరీక్ష కూడా ఆ ఎండల్లోనే.

2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలా డిగ్రీ సీట్లకు ఆ పరీక్షే దారి. 13 భాషల్లో పెడుతున్నారు, తెలుగూ ఉంది, సంతోషం. కోయ లేదు. అన్నీ బిట్లే, ఒక్క పేరా రాయించరు. ముసలమ్మ గొంతును కాగితమ్మీద నిలబెట్టగల పిల్లకు మార్కు ఎక్కడ వేస్తారు సార్?

2023 చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. కనీసం అక్కడైనా, సాహిత్యం కోర్సుల్లో కొన్ని సీట్లకు పిల్లల రాతలు తెప్పించుకుని చదవండి. ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు రాయించండి. దిద్దేవాళ్లలో కోయ వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

నోటుబుక్కు జిరాక్సు జతచేస్తున్నాను. అసలుది ఆమె దగ్గరే ఉంది. ఇంకా రాస్తోంది.

ఇట్లు,
ఒక తెలుగు మాస్టారు, చర్ల