నీటిమీది భోజనశాలలు

నీటిమీద భోజనము పెట్టుటయందు మన ప్రభుత్వములవారికి మోజు మెండు. పెట్టువాడెవడు, ఆపద వచ్చిన జవాబు చెప్పువాడెవడు అను విచారము మాత్రము తక్కువ.

విశాఖపట్టణమున తెన్నేటి పార్కు చెంత, 2020 అక్టోబరులో వాయుగుండపు గాలికి ఒక బంగ్లాదేశపు సరకుల యోడ కొట్టుకొనివచ్చి రాళ్లపై కూర్చుండెను. దాని పేరు 'మా'. అందలి 15 మంది నావికులును క్షేమముగా బయటపడిరి. ఓడ మాత్రము మరల నీటికి దిగలేదు. దానిని భోజనశాలగా మార్చెదమని పర్యాటకశాఖవారు ప్రకటించిరి. జనులు సంతసించిరి. ఏండ్లు గడచినను వడ్డన జరుగలేదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టుటయే జరిగెను. తేలలేని యోడకు 'తేలెడి భోజనశాల' యను బిరుదమొకటి!

ఇది మనవారికి చేతకాని పనియా యన్న, కాదు. అదే తీరమున, 2001లో నౌకాదళసేవ చాలించిన 'కురుసుర' జలాంతర్గామిని ఒడ్డునకు లాగి 2002లో ప్రదర్శనశాలగా తెరచిరి. నేటికిని జనులు టిక్కెట్టు కొని చూచుచునే యున్నారు. అచ్చట పని ముందు నడచెను. ఇచ్చట ప్రకటన ముందు నడచెను.

విశాఖలో చెడినది ధనమే. గోదావరిపై ప్రాణములే పోయినవి. మధిర ప్రాంతపు వారమగు మనకు నీటిమీది భోజనశాల యనగా పాపికొండల లాంచియే గదా! ఉదయపు ఫలహారము, మధ్యాహ్నపు భోజనము అందులోనే. 2019 సెప్టెంబరు 15వ తేదీన, నది వరదలో నుండగా, అట్టి పడవయే యొకటి 77 మందితో దేవీపట్నము దాటి పోయి కచ్చులూరు వద్ద మునిగెను. బ్రతికి బయటపడినది 26 మంది మాత్రమే. వరంగల్లు ప్రాంతపు కుటుంబములు పెక్కు ఆనాడు దిక్కులేనివైనవి.

చట్టము లేకపోలేదు. 1917 నాటి శాసనము స్థానమున 2021లో దేశీయ జలమార్గముల నౌకలకు కొత్త చట్టము వచ్చినది. నమోదు, తనిఖీ, భీమా అన్నియు అందు గలవు. కాని రేవున నిలిచిన ప్రయాణికునకు అందలి యక్షరమొక్కటియు కనబడదు. పైగా మనకొక చిక్కు. భద్రాచలమునుండి పోవువారు లాంచి నెక్కెడి పోచవరము 2014 వరకు మన ఖమ్మము జిల్లాలోనిదే, నేడు ఆంధ్రప్రదేశములోనిది. టిక్కెట్టు ఒక రాష్ట్రమున, రేవు వేరొక రాష్ట్రమున! కీడు మూడిననాడు ఏ కచేరీ గడప త్రొక్కవలెనో మావంటి న్యాయవాదులకే తడుముకొనవలసి యుండును. పల్లెటూరి ముసలమ్మ గతి యేమి?

కావున ఇరు ప్రభుత్వములవారిని మేము కోరునది స్వల్పమే. ప్రతి పడవ మీదను, ప్రతి టిక్కెట్టు మీదను, ఎక్కదగినవారి సంఖ్య, కడపటి తనిఖీ తేదీ, పడవను విడువ ననుమతించు నధికారి హోదా తెలుగున పెద్ద యక్షరములతో నుండవలెను. నీరు హద్దు మీరిననాడు టిక్కెట్టు అమ్ముటయే నేరముగా నెంచవలెను. ఉభయ రాష్ట్రముల తరఫున ఫిర్యాదులు గైకొనుటకు భద్రాచలముననే యొక యుద్యోగిని నియమింపవలెను. రాబోవు వానకాలమునకు ముందే ఈ మేరకు మహజరులు సిద్ధపరచి పంపుడని మధిర పఠనాలయములలోని సోదరులను కోరుచున్నాము.