సంఘం నాయకుడు ముఠా నాయకుడు కావొద్దు

కర్నూలు, కడప జిల్లాల్లో నాయకుడంటే ఎట్లుండాలో మనోళ్లకు నేర్పింది ఎవరు? అంబేద్కరా? కాదు. ముఠా నాయకుడు. తెల్లచొక్కా, ముందూ వెనకా బండ్లు, ఎదురులేని మాట. ఆయన ఏనాడన్నా తప్పు చేసినానన్నాడా? అనడు. ఆయన తప్పుకు జైలుకు పోయేది, బాంబు పేలి చేతులు పోగొట్టుకునేది మాలగేరి, మాదిగగేరి పిల్లగాండ్లు. తాళి తెగేది వాళ్ల పెండ్లాలది.

ఈ తీరు దళిత సంఘాల్లోకీ దిగిందని మేం అంటున్నాం.

అట్రాసిటీ కేసు ఎట్ల పోతుందో చూడండి. బోరింగు కాడ కులం పేరు పెట్టి తిట్టి కొడతారు. నాయకుడు బాధితులను జీపెక్కించి స్టేషనుకు తీసుకపోతాడు. ఫిర్యాదులో ఏ మాటతో తిట్టినారో ఉండదు, ఎవరు చూసినారో ఉండదు. ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది, అడగడు. 1995 నియమాల ప్రకారం దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. ఎస్సై వచ్చి టీ తాగి పోతాడు, అదీ అడగడు. సాక్షులేమో కొట్టినవాళ్ల చేన్లోనే బుడ్డలు పెరికే కూలోళ్లు. కూలి బందైతే వాళ్లు ఏం తిని నిలబడాల? ఎవరూ ఆలోచించరు. సాక్షులు తిరుగుతారు, కేసు కొట్టేస్తారు. మరుసటి దినం నాయకుడి ప్రకటన: అగ్రకుల కుట్ర!

కుట్ర ఉంది, ఎవరు కాదన్నారు? కుట్ర చేయడం వాళ్ల పని. దానికి నీ ఏర్పాటేమి అన్నదే మా ప్రశ్న. కేసు పోయినాక గేరిని కూర్చోబెట్టి ఎక్కడ తప్పిందో అడిగిన నాయకులెందరు? అడిగిన పిల్లగాణ్ణి 'అవతలి పార్టీ మనిషి' అన్నవాళ్లే ఎక్కువ.

పోరాటం నుంచి నేర్చుకోవడం ఎట్లుంటుందో కోస్తాలో చూడొచ్చు. 1985 జూలై 17న కారంచేడు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. 1991 ఆగస్టు 6న చుండూరు. అప్పటికి 1989 చట్టం వచ్చింది. ప్రత్యేక కోర్టు మా ఊర్లోనే పెట్టాలని చుండూరు దళితులు పట్టుబట్టి సాధించినారు. నమ్మకమున్న వకీలునే ప్రభుత్వ ప్లీడరుగా వేయించుకున్నారు. సాక్షి తన ఇంటి నుంచి నడిచిపోయి చెప్పొచ్చే కోర్టు! 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, నిజమే. ఆ అన్యాయం కోర్టుది. పల్లె మాత్రం తన పని తాను చేసింది.

బాబాసాహెబ్ సంగతి చూడండి. 1930లో నాసిక్‌లో కాలారామ్ గుడి సత్యాగ్రహం మొదలైంది. జనం ఏండ్ల తరబడి దెబ్బలు తిన్నారు. 1935 అక్టోబరులో యేవలా సభలో, ఆ కష్టానికి ఫలితం రాలేదు, ఇక ఆపండని ఆయనే చెప్పినారు. 1936లో పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీని పక్కనపెట్టి 1942లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ పెట్టినారు. పరువు పోయిందా? ఆయనకు పోని పరువు మండల కన్వీనరుకు పోతుందా?

కార్యకర్తలకు మా మాట ఇదీ. పోయిన ప్రతి కేసు కాగితాలు గేరిలో గట్టిగా చదివించండి. చందా లెక్క కూడా. నష్టపోయిన ఇంటి ఆడమనిషి మొదట మాట్లాడాల. నాయకుడు చివర మాట్లాడాల. కోపమొస్తే రానియ్యండి. వచ్చే ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేయకముందే ఈ కూర్చోవడం జరగాల.